నేలపై నెగ్గి సాగర తీరాన ఆగిన హైదర్ అలీ

1769 మార్చి నెలాఖరున మద్రాసు పట్టణ శివార్లలోని సెయింట్ థామస్ కొండ వద్ద హఠాత్తుగా మైసూరు గుర్రపు దండు ప్రత్యక్షమైంది. ఆ సమయంలో ఈస్టిండియా కంపెనీ సైన్యమంతా దక్షిణాన ఎక్కడో మైసూరు ప్రధాన దళాలను వెన్నాడుతోంది. తన బరువైన తోపులను, సామాను బండ్లను, పదాతి దళంలో అత్యధిక భాగాన్ని వెనుక వదిలివేసి, ఏరి తీసిన ఆరు వేల మంది రౌతులతో మూడున్నర రోజులలో సుమారు 130 మైళ్లు నడిచి వచ్చిన ఆ సేనాని హైదర్ అలీ. కోటపై ఒక్క గుండు పేల్చకుండానే అతడు కంపెనీ మండలిని సంధికి రప్పించాడు. ఏప్రిల్ మొదటి వారంలో ఒప్పందం కుదిరింది. పట్టుకున్న ప్రాంతాలను ఇరు పక్షాలూ తిరిగి ఇచ్చుకోవాలని, ఒకరిపై దాడి జరిగితే మరొకరు ఆదుకోవాలని అందులో వ్రాసుకున్నారు.

చదవడం, వ్రాయడం రాని ఒక సైనికుడు అప్పటికి రెండు దశాబ్దాలుగా ఐరోపా యుద్ధ విధానాన్ని కళ్లతో చూసి నేర్చుకుంటున్నాడు. అందులో తనకు పనికివచ్చేది ఏది, తనవద్దే అంతకంటె మేలైనది ఏది అని వేరు చేసి చూడగలగడమే అతడి ప్రత్యేకత. మద్రాసు ముంగిట జరిగినది ఆ విజ్ఞతకు తొలి ఫలం.

హైదర్ 1720 ప్రాంతంలో కోలారు సమీపంలోని బూదికోటలో జన్మించాడు. తండ్రి ఫతే మహమ్మద్ సిరా నవాబు కొలువులో సేనాధికారిగా పనిచేస్తూ యుద్ధంలో మరణించగా, కుటుంబం అప్పుల పాలై అవమానాలు అనుభవించింది. అన్న షాబాజ్ మైసూరు సైన్యంలో చేరాడు. అతడి వెంట హైదర్ కూడా చేరాడు గానీ చాలా కాలం వరకు చెప్పుకోదగిన హోదా ఏదీ లేదు. 1749లో దేవనహళ్లి ముట్టడిలో చూపిన తెగువ వల్ల మైసూరు సర్వాధికారి నంజరాజు దృష్టిలో పడ్డాడు. అప్పటికి అతడి వయస్సు ముప్పయి ఏండ్లకు అటూ ఇటూ ఉంటుంది. కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందూస్థానీ భాషలలో ధారాళంగా మాట్లాడేవాడని, ఒకసారి విన్న లెక్కను మరచిపోయేవాడు కాదని సమకాలికుల కథనాలన్నీ ఏకగ్రీవంగా చెబుతున్నాయి. అక్షరజ్ఞానం లేని లోటును ఈ జ్ఞాపకశక్తి చాలావరకు పూరించింది.

హైదర్ సైన్యంలో పైకి వస్తున్న కాలానికే దక్షిణాది యుద్ధరంగంలో పెద్ద మార్పు వచ్చి ఉన్నది. 1746లో మద్రాసు వద్ద అడయారు ఒడ్డున ఆర్కాటు నవాబు కుమారుడు మహ్‌ఫూజ్ ఖాన్ వేలాది మందితో నిలువగా, కొన్ని వందల మంది ఫ్రెంచి సైనికులు, వారి వద్ద శిక్షణ పొందిన సిపాయిలు నది దాటి వచ్చి ఆ సైన్యాన్ని చెదరగొట్టారు. అంతవరకు దక్కనులో యుద్ధమంటే ప్రధానంగా గుర్రపు దండుల పోరాటం. ఫిరంగులు ఉండేవి గానీ అవి కదలని కొండల వంటివి. ఒకసారి పేల్చిన తరువాత మళ్లీ పేల్చడానికి చాలా సేపు పట్టేది. ఆ వ్యవధిలో రౌతులు మీద పడవచ్చునన్నది అందరికీ తెలిసిన లెక్క. వరుసలు తీరి నిలిచి, ఆజ్ఞకు కట్టుబడి నిమిషానికి రెండు మూడుసార్లు తుపాకులు పేల్చే పదాతి దళం, దాని నడుమ సులువుగా కదిలే తేలిక ఫిరంగులు ఆ లెక్కను తలక్రిందులు చేశాయి.

ఈ మార్పును చూసిన పాలకులు అనేకులు ఉన్నారు. వారిలో చాలామంది ఐరోపా వారిని కిరాయికి తెచ్చుకుని, ఎరుపు చొక్కాలు తొడిగిన ఒకటి రెండు పటాలాలను ప్రదర్శన వస్తువులుగా నిలుపుకుని తృప్తి పడ్డారు. హైదర్ వేరే దారి పట్టాడు.

1750 డిసెంబరులో సెంజి సమీపంలో నాసిర్ జంగ్ హత్యకు గురైనప్పుడు చెలరేగిన గందరగోళంలో హైదర్ మనుషులకు కొంత ధనం, గుర్రాలు, తుపాకులు చేజిక్కాయి. ఫ్రెంచి పటాలాల నుంచి పారిపోయి వచ్చిన సిపాయిలను అతడు ఆ ధనంతోనే కూడగట్టి తన వారికి కవాతు నేర్పించాడు. తిరుచిరాపల్లి ముట్టడి కాలంలో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు ఎదురెదురుగా పోరాడుతుండగా ఏండ్ల తరబడి దగ్గరుండి గమనించాడు. 1755లో దిండిగల్ ఫౌజుదారుగా నియమితుడైన వెంటనే ఫ్రెంచి వారి సహాయంతో అక్కడ ఫిరంగుల కర్మాగారాన్ని, ఆయుధశాలను నెలకొల్పాడు. పాళెగాండ్రను అణచడానికి పంపిన ఒక ఉద్యోగి, అయిదారేండ్లలో మైసూరు రాజ్యంలోకెల్లా బలమైన సైన్యానికి అధిపతి కావడానికి పునాది ఇక్కడే పడింది. జీతాలు బకాయి పడిన సైనికులు రాజధానిలో అలజడి చేసినప్పుడు వారికి డబ్బు సర్దుబాటు చేసినవాడు హైదరే. సిపాయికి నెల తిరగగానే జీతం ముట్టకపోతే ఎంతటి కవాతూ నిలువదన్న సంగతి అతడు మరచిపోలేదు.

1761 నాటికి అధికారం పూర్తిగా అతడి చేతికి వచ్చింది. ఆ క్రమం అందంగా ఏమీ జరగలేదు. ఒకప్పుడు తన వద్దనే పనిచేసి తరువాత ఎదురు తిరిగిన ఖండేరావును లొంగదీసుకుని ఇనుప పంజరంలో పెట్టించి, పాలు అన్నం పెట్టి చిలుకను పెంచినట్లు పెంచాడు. తనను పైకి తెచ్చిన నంజరాజును కూడా ప్రక్కకు నెట్టివేశాడు. ఒడయారు వంశీకుడిని సింహాసనంపై నామమాత్రంగా ఉంచి పాలన తాను సాగించాడు. 1763లో సంపన్నమైన బెదనూరును పట్టుకోవడంతో సైన్యపు ఖర్చులకు తగిన ఖజానా సమకూరింది.

ఓటమి నేర్పిన పాఠం

కంపెనీతో తొలి యుద్ధం 1767లో మొదలైంది. మొదట కంపెనీ పక్షాన ఉన్న నిజాం అలీఖాన్ హైదర్ వైపు వచ్చాడు. మరుసటి ఏడాది ఆరంభంలో మళ్లీ కంపెనీ వైపు వెళ్లిపోయాడు. 1767 సెప్టెంబరులో చెంగం కనుమలోను, అదే నెలలో తిరువణ్ణామలై వద్ద కల్నల్ జోసెఫ్ స్మిత్ చేతిలో హైదర్, నిజాం సంయుక్త సేనలు ఓడిపోయాయి. సంఖ్యలో తమదే పైచేయి అయినా, కంపెనీ పదాతి వరుసలను ఛేదించడం సాధ్యం కాలేదు.

మరొకరైతే ఈ ఓటమి తరువాత ఇంకా ఎక్కువ పటాలాలు, ఇంకా ఎక్కువ ఫిరంగులు కావాలని అనుకునేవారేమో. హైదర్ గమనించినది మరొకటి. కంపెనీ సైన్యం గెలిచిన ప్రతిసారీ ఉన్నచోటనే నిలిచిపోయింది. దానికి గుర్రాలు తక్కువ. బియ్యం, మందుగుండు మోసే ఎడ్లు ఇంకా తక్కువ. ఓడినవాడిని తరమలేని విజేతకు దక్కేది యుద్ధం జరిగిన ఆ పొలం మాత్రమే. అందుచేత 1768 నుంచి అతడు స్మిత్‌తో ముఖాముఖి పోరును వీలైనంత వరకు తప్పించుకుంటూ, విడివిడిగా ఉన్న చిన్న దళాలపైనా, రసదు బండ్లపైనా విరుచుకుపడ్డాడు. కంపెనీ పట్టుకున్న కోటలు ఒక్కొక్కటిగా తిరిగి చేజిక్కాయి. మద్రాసు ముంగిట ఆరు వేల రౌతుల దౌడు ఈ విధానానికి పతాక సన్నివేశం. ఐరోపా పద్ధతిలో తీర్చిన పదాతి దళం, ఫిరంగులు కోటలను, శిబిరాన్ని కాయడానికి. దేశీయ గుర్రపు దండు శత్రువును అలసట పెట్టి ఆకలికి గురిచేయడానికి: ఈ రెండింటి మేళవింపే ఇక మీదట మైసూరు యుద్ధ నీతి అయింది.

అతడి సైన్యంలో అన్నిటికంటె తక్కువగా చెప్పుకొనబడే భాగం ఎడ్లు. పూర్వపు ఒడయార్ల కాలం నుంచి ఉన్న రాజుగారి పశువుల మందలను హైదర్ విస్తరించి, ఫిరంగులు లాగడానికి ప్రత్యేకంగా వాడాడు. టిప్పు కాలంలో వీటికి అమృత్ మహల్ అని పేరు వచ్చింది. 1781లో చిదంబరాన్ని కాపాడడానికి ఫిరంగులతో సహా సుమారు 100 మైళ్లు రెండున్నర రోజులలో నడవగలిగాడంటే అది ఈ ఎడ్ల చలవే. తోపుల తయారీకి ఫ్రెంచివారు ఎందరైనా దొరుకుతారు. ఎండలో మూపు వంచకుండా నడిచే ఎద్దును తయారుచేయడానికి తరాలు పడుతుంది.

ఇక రాకెట్లు. నిప్పు బాణాలు ఈ దేశానికి కొత్తవి కావు. అయితే వెదురు, కాగితం గొట్టాలకు బదులు ఇనుప గొట్టంలో మందు కూరడం వల్ల లోపలి ఒత్తిడి పెరిగి అవి సుమారు రెండు కిలోమీటర్ల దూరం వరకు పోయేవి. గురి అంత కచ్చితంగా ఉండేది కాదు. కానీ గుంపుగా నిలిచిన సైనికుల మధ్య, ముఖ్యంగా గుర్రాల మధ్య, అవి సృష్టించే అలజడి ఫిరంగి గుండు కంటె ఎక్కువ. హైదర్ వద్ద 1,200 మంది వరకు రాకెట్ దళం ఉండేదంటారు. టిప్పు దానిని ఇంకా పెంచాడు. 1799లో శ్రీరంగపట్నం పతనం తరువాత ఇంగ్లండుకు చేరిన మైసూరు రాకెట్లను చూసిన పిమ్మటనే విలియం కాంగ్రీవ్ తన రాకెట్లను రూపొందించాడు.

మద్రాసు సంధిని కంపెనీ నిలబెట్టుకోలేదు. పేష్వా మాధవరావు సేనలు మైసూరుపై దండెత్తి, 1771 మార్చిలో చిన్‌కురళి వద్ద హైదర్‌ను చిత్తుగా ఓడించినప్పుడు అతడు కోరిన సహాయం రాలేదు. ఆ అన్యాయాన్ని హైదర్ చివరి వరకు మరచిపోలేదు. మాధవరావు 1772లో మరణించాక పునాలో కలహాలు చెలరేగడంతో, పోయిన భూములను తిరిగి రాబట్టుకుని ఉత్తరానికి విస్తరించాడు. 1776లో గుత్తి దుర్గం, లోపల నీరు అడుగంటడంతో లొంగిపోయింది. మురారిరావు ఘోర్పడే బందీగానే మరణించాడు. 1779లో చిత్రదుర్గం, ఆ వెంటనే కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ రాజ్యం మైసూరు వశమయ్యాయి. కడప అతడికి కొత్త ఊరేమీ కాదు. టిప్పు తల్లి ఫక్రున్నీసా ఒకప్పటి కడప దుర్గాధిపతి కుమార్తె.

గుంటూరు నుంచి పొల్లిలూరుకు

రెండవ యుద్ధానికి దారితీసిన కారణాలలో ఒకటి గుంటూరు. నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఆదోనిలో ఉంటూ గుంటూరు సర్కారును జాగీరుగా అనుభవిస్తుండేవాడు. 1779లో కంపెనీ అతడితో విడిగా ఒప్పందం చేసుకుని గుంటూరును కౌలుకు తీసుకుంది. అతడికి రక్షణగా కల్నల్ హార్పర్ నాయకత్వంలో ఒక దళాన్ని ఆదోనికి పంపింది. ఆ దళం నడవవలసిన దారి కొత్తగా హైదర్ వశమైన కడప సీమ మీదుగా పోతుంది. అనుమతి అడగలేదు. హైదర్ మనుషులు కనుమలో చెట్లు నరికి అడ్డువేసి దళాన్ని వెనుకకు మళ్లించారు. అదే ఏడాది కంపెనీ ఫ్రెంచి వారి మాహేను ఆక్రమించింది. హైదర్‌కు ఆయుధాలు దిగుమతి అయ్యే రేవు అది. తన రక్షణలో ఉన్నదని ముందే హెచ్చరించి ఉన్నాడు. తనకు చెప్పకుండా తమ్ముడితో బేరం కుదుర్చుకున్నందుకు నిజాం మండిపడ్డాడు. మరాఠాలు అప్పటికే బొంబాయి కంపెనీతో యుద్ధంలో ఉన్నారు. ఈ ముగ్గురూ ఒకటి కావడం అరుదైన సంఘటన. అంతటి అసాధ్యాన్ని సాధ్యం చేసిన ఘనత కంపెనీ అధికారులదే.

1780 జూలైలో సుమారు 80 వేల నుంచి 90 వేల మంది సైన్యంతో హైదర్ కనుమలు దిగి కర్ణాటక మైదానంలోకి వచ్చాడు. మద్రాసు మండలి చివరి క్షణం వరకు నమ్మలేదు. బక్సర్ యుద్ధ విజేత హెక్టర్ మన్రో అయిదు వేల మందితో కాంచీపురం చేరాడు. గుంటూరు ప్రాంతంలో ఉన్న కల్నల్ విలియం బెయిలీ దళం దక్షిణానికి నడిచి వచ్చి అతడిని కలుసుకోవాలి. దారిలో కొర్తలైయారు వరద వచ్చి బెయిలీని రోజుల తరబడి ఆపివేసింది. తండ్రి పంపగా టిప్పు అతడిపై పడ్డాడు. మన్రో పంపిన వెయ్యి మంది వచ్చి కలవడంతో బెయిలీ బలం 3,800కు చేరింది. రెండు సైన్యాల మధ్య దూరం ఇరవై, పాతిక కిలోమీటర్లకు మించదు. అయినా మన్రో కదలలేదు. సెప్టెంబరు 9 రాత్రి హైదర్ తన శిబిరాన్ని చడీచప్పుడు లేకుండా ఎత్తివేసి, మన్రోకు ఆచూకీ తెలియకుండా బెయిలీ దారిలో నిలిచాడు.

సెప్టెంబరు 10న పొల్లిలూరు గ్రామం వద్ద తెల్లవారుజామున మొదలైన కాల్పుల మధ్య బెయిలీ మందుగుండు బండ్లు పేలిపోయాయి. అవి ఫిరంగి గుండు తగిలి పేలాయా, రాకెట్ తగిలి పేలాయా అన్న విషయమై భిన్న కథనాలు ఉన్నాయి. మందుగుండు పోయిన పదాతి వరుస చతురస్రంగా కట్టి అనేక దాడులను తట్టుకుని నిలిచి, చివరకు లొంగిపోయింది. పట్టుబడిన వారితో పాటు బెయిలీని శ్రీరంగపట్నం చెరకు పంపారు. అక్కడే రెండేండ్ల తరువాత అతడు మరణించాడు. వార్త విన్న మన్రో భారీ ఫిరంగులను కాంచీపురం చెరువులోకి తోయించి మద్రాసుకు వెనుదిరిగాడు. భారతదేశంలో కంపెనీకి అంతవరకు ఇటువంటి పరాభవం జరగలేదు. ఆ పోరాట దృశ్యాన్ని టిప్పు శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ భవనం గోడపై చిత్రింపజేశాడు. చతురస్రం మధ్యలో పల్లకీలో బెయిలీ, పేలిపోతున్న మందుగుండు బండి అందులో కనిపిస్తాయి.

ఆ మరునాడు హైదర్ మన్రోను తరిమి ఉంటే ఏమి జరిగేదన్న ప్రశ్న రెండు శతాబ్దాలుగా చరిత్రకారులను వేధిస్తోంది. అతడు తరమలేదు. ఆర్కాటు ముట్టడికి తిరిగి వెళ్లాడు. ఆర్కాటు నవంబరు ఆరంభంలో పడిపోయింది గానీ, ఈలోగా వందవాసి యుద్ధ విజేత, వృద్ధుడైన ఐర్ కూట్ బెంగాలు నుంచి సైన్యంతో, డబ్బుతో సముద్రమార్గాన మద్రాసు చేరుకున్నాడు. వేగమే బలంగా జీవితమంతా గెలిచిన సేనాని, వేగం అన్నిటికంటె ఎక్కువ అవసరమైన వారంలో కోట గోడల ముందు కూర్చున్నాడు.

ఆ తరువాతి రెండేండ్ల పోరు చాలావరకు ఆకలి యుద్ధం. మద్రాసు చుట్టూ ఊళ్లను తగులబెట్టి, పశువులను తోలుకుపోయి, మనుషులను వేల సంఖ్యలో మైసూరుకు తరలించి, కూట్‌కు గింజ దొరకని విధంగా హైదర్ చేశాడు. యుద్ధ విధానంగా అది ఫలించింది: కూట్ ఎడ్లు లేక, బియ్యం లేక సముద్ర తీరం విడిచి లోపలికి రాలేకపోయాడు. దాని మూల్యం చెల్లించినది మాత్రం ఏ పక్షానికీ చెందని కర్ణాటక రైతులు. ఊళ్లు విడిచి మద్రాసు చేరినవారు కరవుతో వీధులలో మరణించారు.

1781 ఫిబ్రవరిలో కూట్ సైన్యం కడలూరు వద్ద చిక్కుపడింది. నేల వైపు దారులను హైదర్ మూసివేశాడు. సముద్రంపై ఫ్రెంచి నౌకాదళం నిలిచి ఉంది. కంపెనీ సైన్యం వద్ద కొద్ది రోజులకు సరిపడా బియ్యమే మిగిలింది. ఆ దశలో ఫ్రెంచి నౌకాధిపతి డోర్వ్, హైదర్ ఎంత వేడుకున్నా వినకుండా లంగరెత్తి మారిషస్ దీవికి వెళ్లిపోయాడు. తీరం తెరచుకుంది. మద్రాసు నుంచి బియ్యం ఓడలు వచ్చాయి. జూలై 1న పోర్టోనోవో వద్ద ఎనిమిది వేలకు కొంచెం పైబడిన సైన్యంతో కూట్ హైదర్‌ను ఓడించాడు. ఓడల మీది ఫిరంగులు కూడా అతడికి తోడ్పడ్డాయి. పీటపై కూర్చుని యుద్ధాన్ని చూస్తున్న హైదర్ ఓటమిని ఒప్పుకోక అక్కడినుంచి లేవలేదని, చనువున్న గుర్రపువాడు ఒకడు బలవంతంగా కాళ్లకు చెప్పులు తొడిగి గుర్రం ఎక్కించాడని ఒక కథ ఉంది. ఆగస్టులో పొల్లిలూరు వద్దనే మరోసారి, సెప్టెంబరులో షోలింగూరులో కూట్‌దే పైచేయి అయింది. కానీ ప్రతి విజయం తరువాత అతడు మళ్లీ తీరానికి, ఓడలకు తిరిగి రావలసి వచ్చింది.

సముద్రం సంగతి హైదర్‌కు తెలియక కాదు. పశ్చిమ తీరంలో ఓడలు కట్టించి సొంత నౌకాదళం కోసం 1760ల నుంచి ప్రయత్నించినవాడే. 1780 డిసెంబరులో అడ్మిరల్ హ్యూస్ మంగళూరు రేవులోనే ఆ ఓడలను నాశనం చేశాడు. కవాతును కొన్నేండ్లలో నేర్పవచ్చు, ఫిరంగులు పోత పోయించవచ్చు. నావికులను, రేవులను, నౌకా నిర్మాణ సంప్రదాయాన్ని ఒక్క జీవితకాలంలో సమకూర్చడం లోతట్టు రాజ్యానికి సాధ్యం కాలేదు. అరువు తెచ్చుకున్న నౌకాదళం తన ప్రయోజనాలు తాను చూసుకుంది. 1782లో వచ్చిన ఫ్రెంచి అడ్మిరల్ సుఫ్రెన్ వేరే ధాతువుకు చెందినవాడు. అతడు హ్యూస్‌తో వరుసగా పోరాడాడు, ట్రింకోమలీని పట్టుకున్నాడు, కడలూరు సమీపంలో హైదర్‌ను కలుసుకున్నాడు. అప్పటికి కాలం మించిపోయింది. ఆ ఏడాది మే నెలలో సాల్బాయి సంధితో మరాఠాలు యుద్ధం నుంచి తప్పుకున్నారు. నిజాం అంతకు ముందే చల్లబడ్డాడు. గుంటూరు అతడికి తిరిగి దక్కింది.

హైదర్ వీపుపై రాచపుండు లేచింది. వైద్యులు ఎంత ప్రయత్నించినా తగ్గలేదు. 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేటలోని శిబిరంలో అతడు కన్నుమూశాడు. ఆ సమయంలో టిప్పు మలబారు తీరంలో కంపెనీ దళాలతో పోరాడుతున్నాడు. వారసుడు దగ్గర లేనప్పుడు అధిపతి మరణవార్త తెలిస్తే దండు చెదిరిపోతుందని ఎరిగిన మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు ఆ సంగతిని దాచారు. దేహాన్ని పెట్టెలో ఉంచి, ఖజానా సొమ్ము తరలిస్తున్నట్లుగా కోలారుకు పంపారు. శిబిరంలో గుడారం యథాతథంగా ఉంది. రోజువారీ ఆజ్ఞలు వెలువడుతూనే ఉన్నాయి. టిప్పు హుటాహుటిన బయలుదేరి కొద్ది వారాలలో శిబిరానికి చేరేదాకా దండు కట్టు తప్పలేదు. కోలారులో తండ్రి సమాధి ప్రక్కన ఉంచిన దేహాన్ని తరువాత శ్రీరంగపట్నం గుంబజుకు తరలించారు.

హైదర్ నేర్చుకున్నట్లే అతడి శత్రువులు కూడా నేర్చుకున్నారు. 1791లో కార్న్‌వాలిస్ మైసూరుపైకి వచ్చినప్పుడు బంజారాల ఎడ్ల బిడారులతో ధాన్యం తెప్పించుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అమృత్ మహల్ మందలు కంపెనీ పరమయ్యాయి. నాలుగేండ్ల తరువాత మరాఠాలపై దక్కనులో ఆర్థర్ వెల్లస్లీ నడిపిన ఫిరంగులను లాగినవి ఆ మైసూరు ఎడ్లే.